సర్టిఫికెట్లు చూశారు సరే, ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్ళను అడిగారా?

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కాలేజీలకు, గురుకులాలకు, ఆస్పత్రులకు, సఖి కేంద్రాలకు కౌన్సెలర్లను ఎంపిక చేసే, వాళ్ళకు శిక్షణ ఇచ్చే పెద్దలకు...

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. కొన్నేళ్ళ కింద మూడు రోజుల శిక్షణ ఇచ్చి, మా కాలేజీకి నన్నే స్టూడెంట్ కౌన్సెలర్ అన్నారు. కప్ప గుండెకు మూడు గదులు, మనిషి గుండెకు నాలుగు అని ఏటేటా బోర్డు మీద బొమ్మ గీస్తాను కదా, పిల్లల గుండెలో ఏముందో కూడా నాకే తెలుస్తుందనుకున్నారేమో. నాలాంటి అరకొర వాళ్ళ సంగతి పక్కన పెట్టండి. ఉద్యోగంగా కౌన్సెలింగ్ చేసేవాళ్ళను మీరు ఎట్లా ఎంచుకుంటున్నారో, దాని గురించి రాస్తున్నాను.

ఒకసారి కౌన్సెలర్ల ఇంటర్వ్యూ జరుగుతుంటే, రావలసిన ఒకాయన రాలేదని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎక్కడో, ఏ సంస్థకో చెప్పను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పద్దెనిమిది మంది వచ్చారు. అందరినీ అడిగినవి రెండే రకాల ప్రశ్నలు. ఏం చదివారు, ఎంత శాతం, ఎన్నేళ్ళ అనుభవం, సహానుభూతికి నిర్వచనం చెప్పండి. ఇదొక రకం. ఒక అబ్బాయి తడుముకోకుండా "ఎదుటివాళ్ళ చెప్పుల్లో మన కాళ్ళు పెట్టి నడవడం సార్" అన్నాడు. ఇంగ్లీషు పుస్తకంలో మాట అది. మా ఊళ్ళో ఒకరి చెప్పుల్లో ఇంకొకరు కాళ్ళు పెడితే కొట్లాటే. అయినా మార్కులు పడ్డాయి. రెండో రకం ప్రశ్న టీ తాగుతూ, మాట వరసకన్నట్టు అడిగేది: "మీది ఏ ఊరమ్మా? ఎవరి పిల్లవు?" దాని వెనక ఏముందో మనందరికీ తెలుసు. నా పక్కనున్నాయన "లోకల్ అయితే మనోళ్ళతోని మంచిగ కలుస్తరు మేడం" అని మెల్లగా అన్నాడు కూడా.

ఆ పద్దెనిమిది మందిలో ఒక్కరినైనా ఒక మనిషికి ఎదురుగా పది నిమిషాలు కూర్చోబెట్టి, ఎట్లా వింటారో చూడలేదు. ఆ తర్వాత ఆ మనిషిని పిలిచి "నీకెట్లనిపించింది?" అని అడగలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం సంతకం పెట్టి బస్సెక్కాను. బస్సులో మా నాయిన గుర్తొచ్చాడు.

2015 సెప్టెంబరు. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి, మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇటు పాలమూరులో, అటు నిజామాబాద్‌లో ఆస్పత్రి వార్డులు ఆ రోగులతో నిండిపోయాయి. మా నాయిన ముప్పై ఏళ్ళుగా పొద్దుగూకంగానే కల్లు దుకాణానికి పోయే మనిషి. ఆ సీసాలో తాటిచెట్టు ఎంత, అల్ప్రాజోలం ఎంత, క్లోరల్ హైడ్రేట్ ఎంత అని ఏనాడూ లెక్కేసుకోలేదు. దుకాణం మూతపడ్డ మూడో రోజుకు చేతులు వణకడం మొదలైంది. నిద్ర లేదు. గోడ మీద చీమల బారు పోతోందని అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. గోడ మీద ఏమీ లేదు. ఐదో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆటోలో వేసుకొని పెద్దాసుపత్రికి పోయినం.

కొంచెం తేరుకొని మాట నిలబడ్డాక కౌన్సెలింగ్ అన్నారు. ఒక యువతి వచ్చింది. హైదరాబాద్‌లో సైకాలజీ చదివింది. మెడలో కార్డు, చేతిలో ఫైలు. మర్యాదస్తురాలు. నాయినను 'మీరు' అనే అన్నది. "ఈ అలవాటు వల్ల మీ కుటుంబం ఎంత బాధపడుతోందో ఎప్పుడైనా ఆలోచించారా? విల్ పవర్ ఉంటే ఏదైనా సాధ్యమేనండీ" అని పావుగంట చెప్పింది. నాయిన ప్రతి మాటకూ తల ఊపాడు. ఆమె ఫైలులో ఏదో రాసుకుంది. 'బాగా సహకరిస్తున్నారు' అని రాసుకొని ఉంటుంది, అట్లాగే ఉంది చూసేవాళ్ళకు. ఆమె తలుపు దాటాక నాయిన నా దిక్కు తిరిగి "పోయిందా బిడ్డా?" అన్నాడు.

అదే వార్డులో రాత్రి డ్యూటీకి ఒక కేరళ నర్సు వచ్చేది. తెలుగు సగం వచ్చు, సగం రాదు. మాటల మధ్యలో చేయిని 'కై' అనేది. "తాతా, కై వణుకుతుందా?" అని అడిగి, నాయిన చేయి తన రెండు చేతుల మధ్య పెట్టుకొని, వణుకు తగ్గేదాకా అట్లాగే నిలబడేది. రెండో రాత్రి నాయిన ఆమెతో అన్నాడు: "చీమలు కనపడుతున్నయి బిడ్డా. లేవని నాకు ఎరుకే. అయినా కనపడుతున్నయి." నేను పక్క బెంచీ మీద పడుకొని నిద్రపోతున్నట్టే ఉండి విన్నాను. 'లేవని ఎరుకే' అన్న మాట ఆయన మాకెవరికీ చెప్పలేదు. చెబితే ఎర్రగడ్డకు పంపిస్తారనుకున్నాడు. ఆమె నవ్వలేదు, కంగారు పడలేదు. "అవును తాతా. ఆ మందు పోతుంది కదా ఒంట్లోకెల్లి, అట్ల కనిపిస్తది. ఇంకా రెండు మూడు రాత్రి. నేను ఉంటా" అన్నది. నాయిన ఆ రాత్రి మూడు గంటలు నిద్రపోయాడు.

మీ ఇంటర్వ్యూ కాగితం మీద వీళ్ళిద్దరికీ మార్కులు వేసి చూడండి. మొదటామెకు చదువు ఉంది, భాష ఉంది, ఆమెది మన రాష్ట్రమే. నర్సుకు ఇవేవీ లేవు. ఆమెకూ మా నాయినకూ ఉమ్మడిగా ఉన్న మాట ఒక్కటే కనబడుతుంది నాకు: మలయాళంలోనూ కల్లును కల్లే అంటారు. అయినా నాయిన మనసు విప్పింది ఆమె దగ్గర. ఎందుకంటే ఆయన అనుభవిస్తున్నది నిజమేనని ఆమె ఒప్పుకుంది. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. ఆమెకు విషయం తెలుసు. ఏళ్ళ తరబడి ఒంటికి అలవాటైన అలాంటి మందు ఒక్కసారిగా ఆగితే వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం వస్తాయి. డాక్టరు మందిచ్చి మెల్లగా తగ్గించుకుంటూ రావలసిందే. దాని ముందు విల్ పవర్ ఊసెత్తడం జ్వరమొచ్చినవాణ్ణి ధైర్యంగా ఉండమన్నట్టే. మంచి మనసు ఒక్కటే చాలదు. ఎదుటి మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో తెలియని దయ త్వరలోనే ఉపదేశమైపోతుంది.

ఆ సైకాలజీ అమ్మాయిని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఆ రోజు తన పని బాగానే చేశాననుకొని ఇంటికి పోయి ఉంటుంది. నాయిన తల ఊపాడు కదా. చిక్కంతా అక్కడే ఉంది. మన వైపు మనుషులు చదువుకున్నవాళ్ళ ముందు తల ఊపుతారు. ఆఫీసర్ల ముందు, డాక్టర్ల ముందు, పటేళ్ళ ముందు ఊపి ఊపి మెడకు అలవాటైపోయింది. కౌన్సెలర్‌కు అది 'ఒప్పుకున్నారు' లాగా కనబడుతుంది. ఊపే మనిషికి మాత్రం 'ఇగ పో' అని అర్థం.

తర్వాత ఈ పని నా నెత్తిన పడ్డాక కొంచెం చదువుకున్నాను. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1957లో ఒక వ్యాసం రాశాడు. మాటల చికిత్స వల్ల మనిషిలో మార్పు రావాలంటే ఆరు షరతులు ఉండాలన్నాడు. కౌన్సెలర్ నటించకూడదు, ఎదుటివాళ్ళను షరతులు పెట్టకుండా స్వీకరించాలి, వాళ్ళ లోపలి లోకాన్ని వాళ్ళ కళ్ళతో చూడగలగాలి. ఈ మూడూ అన్ని శిక్షణల్లో చెప్తారు, నాకూ చెప్పారు. ఆరోది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ స్వీకారం, ఆ సహానుభూతి ఎదురుగా ఉన్న మనిషికి కొంతలో కొంతైనా అందాలి. అందకపోతే లేనట్టే లెక్క. కౌన్సెలర్ లోపల ఎంత కరిగిపోయినా సరే.

ఈ ఆరో షరతును తర్వాతివాళ్ళు లెక్కల్లో కూడా పట్టి చూశారు. రాబర్ట్ ఇలియట్, ఆయన తోటివాళ్ళు 2018లో 82 వేర్వేరు బృందాల ఫలితాలను కలిపి చూశారు. మొత్తం 6,000 మందికి పైగా క్లయింట్లు, అంటే మాటల చికిత్సకు వచ్చినవాళ్ళు. సహానుభూతి ఎక్కువ ఉన్నచోట ఫలితం కూడా ఎక్కువే. సంబంధం మరీ పెద్దది కాదు, ఓ మోస్తరుది, కానీ స్థిరమైనది. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి: 'నేను బాగా అర్థం చేసుకున్నాను' అని కౌన్సెలర్ తనకు తాను వేసుకున్న మార్కుల కంటే, 'నన్ను అర్థం చేసుకున్నారు' అని క్లయింట్ వేసిన మార్కులే ఫలితాన్ని బాగా సూచించాయి. మనం ఇంటర్వ్యూల్లో, నెలవారీ రిపోర్టుల్లో చూసేది మాత్రం మొదటి రకం మార్కులనే.

తెలుగులో సానుభూతికీ సహానుభూతికీ తేడా ఒక్క అక్షరం. శిక్షణలో దీని మీద అరగంట క్లాసు పీకారు. నిజానికి ఆ తేడా మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చావు జరిగిన ఇంటికి పలకరింపుకు పోయినప్పుడు చూడండి. కొందరు గడపలోనే "అయ్యో, ఎంత పనాయె, ఊకోండి, ఊకోండి" అంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒక ముసలామె వస్తుంది, ఏమీ అనదు, ఆ తల్లి పక్కన చాప మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ "చివరికేమన్నడు?" అని అడుగుతుంది. అంతే, అప్పటిదాకా రాయిలా కూర్చున్న తల్లి మొదటి నుంచి చెప్పడం మొదలు పెడుతుంది. ఏ కాలేజీలోనూ చదవలేదు ఆమె. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆమెకు ఎన్నో ఇళ్ళ గడపలు నేర్పాయి.

ఇక 'లోకల్' మాట. దాన్ని కొట్టిపారేయను. 1968లో స్టాన్లీ స్ట్రాంగ్ అనే ఆయన, కౌన్సెలర్ మాట క్లయింట్ మీద పనిచేయాలంటే కౌన్సెలర్‌లో మూడు కనబడాలన్నాడు: విషయం తెలిసినవాడనిపించాలి, మనకు దగ్గరివాడనిపించాలి, నమ్మదగ్గవాడనిపించాలి. మీ సర్టిఫికెట్ల పరిశీలన మొదటిదానికి. 'ఏ ఊరమ్మా' అన్న ప్రశ్న రెండోదానికి అనుకుందాం. మూడోదాన్ని కొలిచే ప్రశ్న మీ కాగితంలో ఎక్కడా లేదు. దగ్గరితనం, నమ్మకం ఒకటే అనుకుంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

మా కాలేజీలో సగం మంది తండాల పిల్లలు. ఒక ఏడాది వారానికి ఒకసారి వచ్చే కౌన్సెలర్‌ను వేశారు. లంబాడా అబ్బాయి, చురుకైనవాడు. మొదటి వారమే ఫస్టియర్ పిల్లవాడొకడు ఆ గదిలోంచి వెలిగిపోతూ బయటికొచ్చాడు. "మేడం, సారు మా బాసల మాట్లాడిండు!" అన్నాడు. ఆ పిల్లవాడు రెండు నెలలుగా క్లాసులో నోరు తెరవనివాడు. ఊరి నుంచి వచ్చాక తన గొంతు, తన భాష, రెండూ ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టుండేవాడు. వాడికి ఆ అబ్బాయి చదువుతో పని లేదు. 'నాలాంటోడు కుర్చీలో కూర్చున్నాడు' అన్నదే సగం మందు.

అదే గదికి సెకండియర్ అమ్మాయినొకదాన్ని పంపిస్తే పోలేదు. రెండుసార్లు పంపాను, రెండుసార్లూ కడుపునొప్పి అంది. మూడోసారి నేనే కూర్చోబెట్టి అడిగితే, "ఆ సారు మా మేనమామ వాళ్ళ తండాకు పిల్లనిచ్చినోళ్ళు మేడం" అంది. ఇంట్లో పెళ్ళి మాట నడుస్తోంది, ఈ పిల్లకు ఇష్టం లేదు. ఆ సంగతి ఆయనకు చెబితే ఆదివారానికి తండాలో తెలుస్తుందని భయం. ఆ కౌన్సెలర్ ఎవరికీ చెప్పేవాడు కాదని నేను నమ్ముతాను. కానీ నా నమ్మకంతో ఆ పిల్లకేం పని? చివరికి ఆమె చెప్పుకున్నది మా కాలేజీ లైబ్రేరియన్‌తో. కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చిన ముస్లిం ఆమె. "ఆమెకు మా ఊర్ల ఎవరూ ఎరుక లేదు మేడం" అన్నది ఆ పిల్ల. ఎరుక లేకపోవడమే అక్కడ అర్హత అయింది.

ఒకే గది, ఒకే కౌన్సెలర్, ఒకే నేపథ్యం. ఒకరికి తలుపు తెరిచింది, ఒకరికి మూసింది. కాబట్టి 'మనవాడు' కావాలా, 'బయటివాడు' కావాలా అని మీరు ఆఫీసులో కూర్చొని తేల్చలేరు. అది ఆ పిల్ల తేల్చాలి.

దీనికి కూడా బయట లెక్కలున్నాయి. అమెరికాలో జాతి సంబంధంగా జరిగిన అధ్యయనాలను కాబ్రాల్, స్మిత్ అనే ఇద్దరు 2011లో కలిపి చూశారు. తమ జాతి కౌన్సెలర్ కావాలని కోరుకునేవాళ్ళు బాగానే ఉన్నారు. అట్లా దొరికితే ఆ కౌన్సెలర్ మీద అభిప్రాయం కూడా కొంచెం మెరుగ్గానే ఉంది. చివరికి బాగుపడటంలో మాత్రం తేడా దాదాపు లేదు. అక్కడి జాతి లెక్కను తెచ్చి ఇక్కడి కులం మీద, తండా మీద, యాస మీద అచ్చు గుద్దినట్టు పెట్టలేం. కానీ అందులో ఉన్న ఆకారం నాకు తెలిసినదే. పోలిక మొదటి రోజుకు పనికొస్తుంది. పదో రోజుకు పనికొచ్చేది ఇంకొకటి.

నేపథ్యం అంటే మనం పుట్టుక అనుకుంటాం, అదే పెద్ద పొరపాటు. ఎదుటివాళ్ళ బతుకు గురించి ఎంత తెలుసు అన్నది కూడా నేపథ్యమే, దాన్ని నేర్చుకోవచ్చు. ఒక ఉదాహరణ చెప్తాను. కోస్గి వైపు నుంచి వచ్చి మా దగ్గర హాస్టల్‌లో ఉండి చదివిన అబ్బాయి ఒకడు పరీక్షలకు ముందు చదవలేక, తినలేక ఉంటే ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె అంతా విని, "నెక్స్ట్ టైమ్ మీ పేరెంట్స్‌ను తీసుకుని రా" అన్నది. పుస్తకం ప్రకారం సరైన మాటే. వీడి అమ్మానాయినలు పుణెలో ఒక అపార్ట్‌మెంటు పనిలో ఉన్నారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పోయారు, మధ్యలో వదిలి వస్తే ఆ అప్పు అట్లాగే ఉంటుంది. రానూపోనూ ఖర్చు, పోయిన కూలి వేరు. వీడు "సరే మేడం" అన్నాడు, తల ఊపాడు, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దారిలో నాతో, "నా కోసం వాళ్ళు పని ఇడిసిపెట్టి రావాల్నా మేడం? వాళ్ళకు రంది పెట్టుడెందుకని కదా నేను చెప్పుకోనిది" అన్నాడు. పాలమూరు వలసల గురించి ఒక్క పూట పాఠం ఉన్న శిక్షణ అయినా ఆమె నోట ఆ మాట రాకుండా ఆపేది. "మీ ఇంట్లో ఎవరున్నారు?" అని ముందు అడిగినా ఆగేది.

ఇందాకటి 'రంది' అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. మన కౌన్సెలింగ్ ఫారాల్లో డిప్రెషన్, యాంగ్జైటీ, స్ట్రెస్ అని గళ్ళు ఉంటాయి. మన ఆడవాళ్ళు వచ్చి "కొడుకు రందితోని పానం బాగుంటలేదు", "గుండెల బుగులు బుగులైతాంది", "నెత్తంత బరువు, ఏది మనసున పడతలేదు" అంటారు. ఏ గడిలో టిక్కు పెడతారు? రంది అంటే దిగులే కాదు. అందులో ఒక మనిషి ఉంటాడు. కొడుకు రంది, బిడ్డ రంది, పోయినోడి రంది. "రంది ఎవరి గురించి అవ్వా?" అని అడిగే కౌన్సెలర్‌కు సగం కథ అప్పుడే చేతికొస్తుంది. "మీ ఫీలింగ్స్ నాతో షేర్ చేసుకోండి" అనే కౌన్సెలర్‌కు తల ఊపు దొరుకుతుంది. 'మీరు' అనడం కూడా అన్నిచోట్లా మర్యాద కాదు. మా వైపు అరవై ఏళ్ళ అవ్వను 'అవ్వా, నువ్వు తిన్నవా' అంటే దగ్గరితనం. 'మీరు భోజనం చేశారా' అంటే ఆమె లేచి నిలబడుతుంది. కానీ కౌన్సెలర్ ఊరి దొరల ఇంటివాడైతే అదే 'నువ్వు' పాత గాయం మీద కారం. ఒకే మాట ఎవరి నోట్లోంచి వచ్చిందన్నదాన్ని బట్టి మారిపోతుంది. అందుకే పదాల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించమని నేను అడగడం లేదు.

అన్నట్టు, కులం మాట. కొందరు కౌన్సెలర్లు మొదటి ప్రశ్నగా ఇంటిపేరు అడుగుతారు. ఫారంలో గడి నింపాలి కాబట్టి అడుగుతారు. అవతల కూర్చున్న దళిత పిల్లకు ఆ ప్రశ్న వేరేగా వినబడుతుంది. అది చివర అడిగితే కొంపలేం మునగవు.

2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే చాలు, డబ్బు ఖర్చు లేదు. మా పిల్లలకు నంబరు గోడ మీద రాయించాను. అక్కడ మొహం కనబడదు, మెడలో కార్డు కనబడదు, ఇంటిపేరు తెలియదు. నేపథ్యం అంతా గొంతులోకి, యాసలోకి కుదించుకుపోతుంది. కొందరికి అదే హాయి. ఇందాకటి సెకండియర్ అమ్మాయిలాంటి వాళ్ళకు మరీను. మరి గది, కుర్చీ ఎందుకంటే, కేరళ నర్సు చేతులు ఫోనులోంచి రావు కాబట్టి.

మన ప్రభుత్వంలోనే ఈ పని పద్ధతిగా జరిగే చోటు ఒకటి ఉంది, మీరు దాని గురించి పెద్దగా మాట్లాడరు. జిల్లా ఆస్పత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ గది. పరీక్షకు ముందు మాట్లాడాలి, తర్వాత మాట్లాడాలి, సంగతి బయటికి పోకూడదు అని మొదటి నుంచీ నియమం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ గోప్యతకు గట్టి బలం ఇచ్చింది. మా ఊరి లారీ డ్రైవర్ ఒకాయన, దేనికీ ఎవరినీ మెచ్చుకోని మనిషి, ఆ గదిలో కూర్చున్న ఆమె గురించి ఏళ్ళ తర్వాత కూడా "ఆమె నన్ను జూసి మొకం మలుపలే" అంటాడు. ఆమె ఇచ్చిన సలహా ఏమిటో అడిగితే గుర్తు లేదన్నాడు.

ఇప్పుడు నేను అడిగేది. పెద్ద బడ్జెట్ పనులేమీ కావు.

ఎంపికలో ఒక అరగంట వినే పరీక్ష పెట్టండి. అభ్యర్థికి ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టండి. నటించే మనిషి వద్దు. ఒక ఆశా అక్క, ఒక హాస్టల్ వార్డెన్, ఒక కూలీ తల్లి, తనకున్న ఒక చిన్న బాధ, నలుగురిలో చెప్పగలిగేంత చిన్నది, చెప్పమనండి. పది నిమిషాలయ్యాక అభ్యర్థిని బయటికి పంపి ఆ మనిషిని అడగండి: "మళ్ళీ వస్తవా ఈ పిల్ల దగ్గరికి?" ఆ జవాబుకు నిర్వచనానికి వేసినన్ని మార్కులైనా వేయండి. చదువు వద్దనడం లేదు. 2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో కౌన్సెలర్ల పేరు కూడా చేరింది. చదువుకు, రిజిస్ట్రేషన్‌కు ఒక పద్ధతి రావలసిందే. మా నాయినకు విల్ పవర్ పాఠం చెప్పడం లాంటివి ఆగాలంటే చదువే కావాలి. చదువుతో ఆగిపోవద్దంటున్నాను.

కౌన్సెలర్‌ను మార్చుకునే హక్కు ఇవ్వండి, కారణం అడగకుండా. ఒక మండలంలో ఇద్దరుంటే, ఒకరు ఇక్కడివాళ్ళు, ఒకరు బయటివాళ్ళు అయ్యేట్టు, ఒకరైనా ఆడమనిషి అయ్యేట్టు చూడండి. ఏది కావాలో వచ్చినవాళ్ళు ఎంచుకుంటారు.

ఇంకొకటి, పదకొండు నెలల కాంట్రాక్టు. పిల్ల నోరు తెరిచేసరికి ఆ మనిషి వెళ్ళిపోతుంటే ఎవరికి నమ్మకం కుదురుతుంది? ఇంటర్ ఫలితాల వారంలో కౌన్సెలర్లు, కౌన్సెలర్లు అని హడావుడి. 2019 ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాక పిల్లలు ప్రాణాలు తీసుకున్న దగ్గరి నుంచి ఆ హడావుడి ఎందుకో నాకూ తెలుసు, ఆ వారం ఈ రాష్ట్రంలో ఏ లెక్చరరూ మరిచిపోరు. కానీ ఆగస్టులో ఆ గదికి తాళం ఉంటుంది. ఒక్కోచోట తాళం తీస్తే లోపల పాత బెంచీలు ఉంటాయి. గదికి తలుపు, తలుపుకు గొళ్ళెం, బయట ఎవరూ నిలబడి వినకుండా కాస్త దూరం. ఇవి లేనిచోట రోజర్స్ వచ్చి కూర్చున్నా ఎవరూ ఏమీ చెప్పరు.

ఆఖరుది, చీటీ. ఇది మా కాలేజీలో నేను మొదలుపెట్టాను, దీని గురించి చెప్పి ముగిస్తాను. నాతో మాట్లాడి వెళ్ళేటప్పుడు ఒక చిన్న కాగితం ఇస్తాను. పేరు రాయనక్కర లేదు. రెండే ప్రశ్నలు: "నువ్వు చెప్పింది నాకు అర్థమైందని నీకు అనిపించిందా? ఎక్కడ అనిపించలేదు?" చదవడం రాని తల్లులు వస్తే మా అటెండరక్క బయట అడిగి రాస్తుంది. చీటీలు స్టాఫ్ రూములో ఒక పాత బిస్కెట్ డబ్బాలో పడతాయి, నెలకోసారి తీసి చూస్తాను.

మొదటి నెల అన్నీ 'మంచిగ అర్థమైంది మేడం' అనే ఉన్నాయి. తల ఊపులే, కాగితం మీద. రెండో నెల నుంచి కొంచెం కొంచెం నిజాలు రావడం మొదలైంది. నాలుగో నెల ఒక చీటీ వచ్చింది. పేరు లేదు కానీ ఎవరిదో నాకు తెలుసు. తల్లి చనిపోయి ఏడాదైన తండా పిల్ల. తల్లిని వాళ్ళు 'యాడి' అంటారు. ఆ రోజు ఆమెతో గంటకు పైగా కూర్చున్నాను. మధ్యలో నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. బస్సులో ఇంటికి పోతూ, ఈ ఏడాది నేను చేసిన మంచి పని ఇదే అనుకున్నాను.

చీటీలో ఇట్లా ఉంది: "మీరు మంచిగనే మాట్లాడిండ్రు మేడం. నేను మా యాడి దవాఖానల ఉన్న రాత్రి గురించి చెప్తున్నప్పుడు మీరు గోడ మీద గడియారం చూసిండ్రు. అందుకే మిగిలింది చెప్పలే."

నాలుగున్నర బస్సు పోతే మళ్ళీ ఆరింటికే. చూసిన మాట నిజమే. చూసినట్టు నాకు గుర్తు కూడా లేదు.

ఆ గడియారం ఇప్పుడు నా వెనక గోడకు ఉంది. పిల్లలకు కనబడుతుంది, నాకు కనబడదు. ఆ అమ్మాయిని ఇంకా పిలవలేదు. తనంతట తాను వస్తుందేమోనని చూస్తున్నాను.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా